హోం లోన్ ఏజెంట్ తప్పు చేస్తే ఎవరిని అడగాలి? గోదావరి జిల్లాల్లో ఇల్లు కొనేవారికి వివరాలు

రాజమండ్రిలోనో భీమవరంలోనో ఒక ఫ్లాట్‌కి బయానా ఇచ్చిన రెండో రోజే ఫోన్ మోగుతుంది. "హోం లోన్ కావాలంట కదా భాయ్, పదిహేను రోజుల్లో చేయించేస్తాం. మీరు సంతకాలు పెట్టండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం." ఇలా చెప్పే వ్యక్తిని బ్యాంకు భాషలో డీఎస్ఏ అంటారు, అంటే డైరెక్ట్ సెల్లింగ్ ఏజెంట్. జనం మాత్రం లోన్ ఏజెంట్ అనే పిలుస్తారు. కాగితాలు తీసుకోవడం, ఫారం నింపడం, ఫైలు బ్యాంకులో పెట్టడం అతని పని. లోన్ పాసైతే బ్యాంకు అతనికి కమీషన్ ఇస్తుంది.

ఈ పని చక్కగా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. సమస్యంతా తప్పు జరిగినప్పుడే. ఫారంలో పేరు ఒక అక్షరం తేడా పడినా, ఆదాయం అంకె తప్పు రాసినా, ఒక కాగితం పెట్టడం మర్చిపోయినా ఏజెంట్‌కి పోయేది ఆ ఒక్క కమీషనే. కొనేవాళ్లకు అగ్రిమెంట్ గడువు దాటిపోతుంది, బయానా చిక్కుల్లో పడుతుంది, సిబిల్ స్కోర్ తగ్గుతుంది. పైగా ఫారం కింద సంతకం వాళ్లదే కాబట్టి "మీరే రాసిచ్చారు కదా" అని బ్యాంకు అంటుంది.

బ్యాంకు ఆ ఒక్క మాటతో చేతులు దులుపుకోవడానికి మాత్రం వీల్లేదు.

ఏజెంట్ తప్పు బ్యాంకుకు ఎలా చుట్టుకుంటుంది

బ్యాంకులు బయటివాళ్లతో పనులు చేయించుకోవడంపై రిజర్వ్ బ్యాంక్ 2006 నవంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. పని బయటికి ఇచ్చినంత మాత్రాన బ్యాంకు బాధ్యత తగ్గదని, డీఎస్ఏలు చేసే పనులకు బ్యాంకే జవాబుదారీ అని వాటిలో స్పష్టంగా ఉంది. కేవైసీ సరిగ్గా ఉందో లేదో తేల్చడం, లోన్ మంజూరు చేయడం అనే రెండు నిర్ణయాలనూ బ్యాంకు ఎవరికీ అప్పగించకూడదు. "మా ఏజెంట్ ఆధార్ చూశాడు, మేం చూడలేదు" అనే సమాధానం అందుకే నిలబడదు.

దీనికంటే చాలా పాతది 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. దాని 238వ సెక్షన్ బీకాం చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. యజమాని తరఫున పని చేస్తూ ఏజెంట్ అబద్ధం చెప్పినా, మోసం చేసినా, అది యజమాని చెప్పినట్టే, చేసినట్టే లెక్క.

అయితే ఆ వ్యక్తి నిజంగా ఆ బ్యాంకు ఏజెంట్ అయి ఉండాలి. బిల్డర్ దగ్గర కూర్చునే కుర్రాడు, రియల్ ఎస్టేట్ బ్రోకర్, తెలిసిన బావగారు కూడా "బ్యాంకులో నాకు తెలుసు" అని ఫైలు పట్టుకెళ్తుంటారు. వీళ్లు ఫైలును అసలు డీఎస్ఏకి అందించి అందులో కొంత వాటా తీసుకుంటారు. వీళ్లకూ బ్యాంకుకూ రాతపూర్వక ఒప్పందమే ఉండదు. రేపు గొడవ వస్తే బ్యాంకు మొదట అనే మాట, "ఆయన ఎవరో మాకు తెలీదు." అందుకని మొదటి రోజే డీఎస్ఏ కోడ్ నంబర్, ఐడీ కార్డు అడిగి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి. కోడ్ నంబర్ నిజమో కాదో బ్రాంచికి వెళ్లి అడిగితే చెప్తారు. ఫైలు పాస్ చేయించడానికని చేతికి నగదు అడిగితే అది బ్యాంకు ఫీజు కాదు. ప్రాసెసింగ్ ఫీజు ఎప్పుడూ బ్యాంకు పేరు మీదే కట్టాలి.

పేరు దగ్గరే సగం గొడవలు

ముస్లిం కుటుంబాల ఫైళ్లలో తరచూ కనిపించే చిక్కు పేరే. ఆధార్‌లో ఇంటిపేరు 'షేక్' అని పూర్తిగా ఉంటుంది, పాన్ కార్డులో 'ఎస్‌కే' అని రెండక్షరాలే ఉంటాయి, బ్యాంకు పాస్‌బుక్‌లో చివర ఒక హెచ్ అక్షరం ఎక్కువ ఉంటుంది. మొహమ్మద్‌కి ఇంగ్లీషు స్పెల్లింగ్‌లు అరడజను. కొన్ని చోట్ల 'ఎండీ' అని మాత్రమే రాసి వదిలేస్తారు. ఆడవాళ్ల పేరు పెళ్లికి ముందు ఒక రకంగా, తర్వాత 'బేగం' చేరి ఇంకో రకంగా ఉంటుంది. రిజిస్ట్రేషన్ దస్తావేజు తెలుగులో ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఏజెంట్ తనకు తోచిన స్పెల్లింగ్ రాసేస్తాడు. ఈ చివరిది నూటికి నూరు పాళ్లు ఏజెంట్ తప్పే. ఫారం నింపేటప్పుడు పాన్ కార్డు ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి రాయడం అతని పని.

ఊరి పేర్లతో కూడా ఇదే తలనొప్పి. రాజమండ్రి 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అమలాపురం ఇంటి పాత దస్తావేజులో తూర్పుగోదావరి జిల్లా అని ఉంటుంది, కొత్త కాగితాల్లో డాక్టర్ బీఆర్ అంబేద్కర్ కోనసీమ జిల్లా అని వస్తుంది. ఏలూరు ఒకప్పుడు పశ్చిమగోదావరి జిల్లా కేంద్రం, ఇప్పుడు అదే వేరే జిల్లా. ఇది తెలియక రెండూ వేర్వేరు ఆస్తులన్నట్టు ఫారం నింపితే, వేరే రాష్ట్రంలో కూర్చుని ఫైలు చూసే ఆఫీసర్ ప్రశ్న వేసి వెనక్కి పంపుతాడు.

పరిష్కారం కష్టం కాదు, సమయం పడుతుందంతే. చిన్న తేడా అయితే 'ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి' అని నోటరీ అఫిడవిట్ ఇస్తే చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి. పాన్, ఆధార్ మధ్య తేడా ఉంటే ముందు దాన్నే సరిచేయించుకోవాలి. దస్తావేజులోనే తప్పు ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సవరణ దస్తావేజు చేయించాలి. దానికి అమ్మినవాళ్ల సంతకం కూడా కావాలి, వాళ్లు ఊళ్లో లేకపోతే నెలలు పడుతుంది. ఇవన్నీ బయానా ఇవ్వకముందే చూసుకోవాల్సినవి.

హిబా, అక్కచెల్లెళ్ల వాటా

"నాన్నగారు నోటి మాటతో హిబా ఇచ్చారు, ఇల్లు నా స్వాధీనంలోనే ఉంది" అని చెప్తే ఏజెంట్ తల ఊపి ఫైలు పెట్టేస్తాడు. షరియత్ ప్రకారం ఇచ్చి, పుచ్చుకుని, స్వాధీనం చేస్తే హిబా చెల్లుతుంది, నిజమే. ఆస్తి బదిలీ చట్టం 129వ సెక్షన్ ముస్లింల కానుకలకు ఆ మినహాయింపు ఇచ్చింది. మన రాష్ట్రం నుంచే వెళ్లిన హఫీజా బీబీ, షేక్ ఫరీద్ కేసులో 2011లో సుప్రీంకోర్టు, రిజిస్టర్ చేయని హిబానామా కూడా చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. కానీ కోర్టులో చెల్లడం వేరు, బ్యాంకు తాకట్టు పెట్టుకోవడానికి ఒప్పుకోవడం వేరు. బ్యాంకు ప్యానెల్ లాయర్ రిజిస్టర్ అయిన లింకు డాక్యుమెంట్ల వరస, ఈసీ చూసి ఒపీనియన్ ఇస్తాడు. నోటి హిబా ఈసీలో కనపడదు. ఈ సంగతి ఏజెంట్ ముందే చెప్పి ఉండాలి. చెప్పకుండా ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఫీజు కట్టించాక ఫైలు తిరిగొస్తే ఆ డబ్బు మామూలుగా వెనక్కి రాదు.

వారసత్వం ఆస్తుల్లో ఇంకో పెద్ద లోపం, ఆడపిల్లల పేర్లు వదిలేయడం. తండ్రి పోయాక కొడుకుల పేర్లు మాత్రమే రాసి ఫైలు పెడతారు. కూతుళ్లకూ, తల్లికీ ముస్లిం వారసత్వంలో వాటా ఉంటుందని ప్యానెల్ లాయర్‌కి తెలుసు కాబట్టి అక్కడ ఆగిపోతుంది. వాళ్లు సంతకం చేసిన రిజిస్టర్డ్ భాగపరిష్కార దస్తావేజు కానీ, హక్కు విడుదల దస్తావేజు కానీ కావాలి. లాయర్ పట్టించుకోకుండా లోన్ పాసైపోతే ఇంకా ప్రమాదం. ఇల్లు కొన్నవాళ్ల మీదకు పదేళ్ల తర్వాత చెల్లెలి కేసు రావచ్చు.

డెల్టాలో ప్రత్యేకంగా చూడాల్సినవి మరికొన్ని ఉన్నాయి. గోదావరి లంకల్లో, కాలువ గట్ల పక్కన కొన్ని స్థలాలు అసైన్డ్ భూమి అయి ఉంటాయి. వక్ఫ్, దేవాదాయ భూములు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి. సర్వే నంబర్‌తో ఆ జాబితా చూడటం పది నిమిషాల పని. ఏజెంట్ చూశానంటే నమ్మకుండా, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్వయంగా అడిగి తెలుసుకోవడమే మేలు.

గల్ఫ్‌లో ఉన్నవారి ఫైళ్లు

కోనసీమ, నరసాపురం, పాలకొల్లు వైపు కువైట్, ఖతర్, సౌదీ జీతం మీద ఇల్లు కట్టుకునే కుటుంబాలు ఎన్నో. ఇక్కడ ఏజెంట్ల తప్పు ఎక్కువగా రెండు చోట్ల. మొదటిది జీతం రుజువు. బ్యాంకు జీతం పడే ఖాతా స్టేట్‌మెంట్, పని ఒప్పందం, ఎన్ఆర్ఈ ఖాతాకి వచ్చిన డబ్బు చూస్తుంది. వేరేవాళ్ల చేతుల మీదుగా ఇంటికి వచ్చిన డబ్బును ఆదాయంగా లెక్క కట్టదు. ఆ లోటు పూడ్చడానికి కొందరు ఏజెంట్లు "నేను ఒక శాలరీ స్లిప్ రెడీ చేస్తా" అంటారు. ఆ మాట విన్న క్షణమే ఫైలు వెనక్కి తీసుకోవాలి. నకిలీ కాగితం పెట్టి లోన్ తీసుకుంటే సంతకం పెట్టినవాళ్ల మీద కేసు పడుతుంది. మోసం, ఫోర్జరీ భారతీయ న్యాయ సంహిత కింద జైలు శిక్ష పడే నేరాలు. "ఏజెంటే చేశాడు, నాకు తెలీదు" అని అప్పుడు నిరూపించుకోవడం చాలా కష్టం.

రెండోది పవర్ ఆఫ్ అటార్నీ. భర్త కువైట్‌లో ఉండి భార్య పేర జీపీఏ పంపితే, అది అక్కడి భారత ఎంబసీలో అటెస్ట్ అయి ఉండాలి, ఇండియాకి చేరాక మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. వాట్సాప్‌లో వచ్చిన కాపీని ప్రింట్ తీసి ఫైలులో పెడితే చివరి రోజు రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది.

ఒకే ఫైలు అయిదు బ్యాంకుల్లో

"ఎక్కడో ఒకచోట పాస్ అవుద్దిలే" అని చెప్పకుండానే అయిదారు బ్యాంకుల్లో అప్లికేషన్ వేసే అలవాటు కొందరికి ఉంది. ప్రతి బ్యాంకూ సిబిల్ తీసి చూస్తుంది. కొద్ది రోజుల్లో అన్ని ఎంక్వైరీలు పడితే స్కోర్ తగ్గుతుంది, అప్పు కోసం తిరుగుతున్నారన్న అభిప్రాయం కూడా కలుగుతుంది. ఇప్పుడు ఎవరైనా మీ క్రెడిట్ రిపోర్ట్ చూస్తే ఎస్ఎంఎస్ లేదా ఈమెయిల్ పంపాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. మీరు అడగని బ్యాంకు పేరుతో అలాంటి మెసేజ్ వస్తే అదే రోజు ఆ బ్యాంకుకి "నేను అనుమతి ఇవ్వలేదు" అని మెయిల్ పెట్టాలి.

ప్రతి క్రెడిట్ సంస్థ నుంచీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్ట్ ఉచితంగా తీసుకోవచ్చు. అలాంటివి నాలుగున్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. తప్పు సమాచారం ఉందని ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ 26 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది.

వడ్డీ ఒకటి చెప్పి ఇంకొకటి వేస్తే

ఏజెంట్ నోటితో ఎనిమిదిన్నర శాతం అంటాడు, మంజూరు లెటర్‌లో తొమ్మిది ఉంటుంది. అర శాతమే కదా అనిపిస్తుంది. లెక్క వేస్తే 25 లక్షల లోన్, 20 ఏళ్లకు ఈఎంఐ 8.5 శాతం దగ్గర 21,696 రూపాయలు, 9 శాతం దగ్గర 22,493. నెలకు 797 తేడా, మొత్తం 240 నెలలకు 1,91,280 రూపాయలు.

ఇన్సూరెన్స్ కూడా ఇలాగే దూరుతుంది. లోన్‌కి ఇన్సూరెన్స్ తప్పనిసరి అని చెప్పి లక్ష రూపాయల ప్రీమియం లోన్‌లోనే కలిపేస్తారు. ఆ లక్షకి 8.5 శాతం చొప్పున 20 ఏళ్లు కడితే 2 లక్షల 8 వేలు దాటుతుంది. వాళ్లు చెప్పిన పాలసీనే తీసుకోవాలనే నిబంధన ఏదీ రిజర్వ్ బ్యాంక్ పెట్టలేదు. వద్దనుకుంటే పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా రద్దు కోరవచ్చు.

వీటిని పట్టుకునే కాగితం కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే కేఎఫ్ఎస్. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ లోన్లన్నింటికీ దీన్ని తప్పనిసరిగా ఇవ్వాలి. అసలు వడ్డీ, అన్ని ఫీజులూ, ఇన్సూరెన్స్, వీటన్నిటినీ కలిపిన ఏడాది ఖర్చు శాతం అందులో ఉంటాయి. తెలుగులో అడిగితే తెలుగులో ఇవ్వాలి, ఎందుకంటే అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలన్నదే నిబంధన. చూసుకోవడానికి కనీసం మూడు పని దినాలు టైం ఉంటుంది. అందులో లేని ఫీజు మీ స్పష్టమైన అనుమతి లేకుండా తర్వాత వేయకూడదు. ఏజెంట్ "ఈ రోజే సంతకం పెట్టకపోతే ఆఫర్ పోతుంది" అని తొందరపెట్టినా ఆ మూడు రోజులు వాడుకోండి.

వడ్డీ లెక్క ఎప్పటి నుంచి అన్నది కూడా చూడాలి. పేరు తప్పు వల్ల రిజిస్ట్రేషన్ రెండు వారాలు వాయిదా పడి, చెక్కు బ్యాంకులోనే ఉండిపోతే ఆ రెండు వారాలకీ వడ్డీ వేయకూడదు. డబ్బు నిజంగా చేతికి వచ్చిన తేదీ నుంచే వడ్డీ వేయాలని, ఎక్కువ తీసుకుంటే తిరిగి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2024 ఏప్రిల్ 29న చెప్పింది.

లోన్ తీసుకున్నాక మోసపోయామని తెలిస్తే ఇంకో దారి కూడా ఉంది. వ్యక్తుల పేరు మీద ఉన్న ఫ్లోటింగ్ వడ్డీ హోం లోన్‌ని ముందే కట్టేస్తే పెనాల్టీ వేయకూడదు. తక్కువ వడ్డీ ఇచ్చే బ్యాంకుకి లోన్ మార్చుకోవచ్చు.

బయానా కాపాడుకోవడం

అమ్మేవాళ్లతో రాసుకునే అగ్రిమెంట్‌లో ఒక్క వాక్యం చేర్చితే పెద్ద నష్టం తప్పుతుంది: "బ్యాంకు లోన్ మంజూరు కాకపోతే తీసుకున్న అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇవ్వాలి, బ్యాంకు ఆలస్యమైతే గడువు ఇన్ని రోజులు పొడిగించాలి." అమ్మేవాళ్లు మొదట గొణుగుతారు, అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. బ్యాంకు ఇల్లు విలువలో ఎంత ఇస్తుందో కూడా ముందే లెక్క కట్టుకోవాలి. 30 లక్షల లోపు లోన్‌కి 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షలకి 80 శాతం వరకు, ఆపైన 75 శాతం వరకు. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు మామూలుగా ఇందులో కలవవు. "వందకి వంద ఇప్పిస్తా" అనే ఏజెంట్ మాట మీద బయానా ఇస్తే చివర్లో లక్షల లోటు పడుతుంది.

తప్పు బయటపడ్డాక

మొదటి పని, ఏజెంట్‌తో ఫోన్‌లో గొడవ పడటం ఆపి బ్రాంచ్ మేనేజర్‌కి రాయడం. ఫోన్ మాటకు రుజువు ఉండదు. ఉత్తరం చిన్నదిగా, తేదీలతో ఉండాలి. ఈ మాదిరిగా రాయవచ్చు:

"ఫలానా తేదీన మీ డీఎస్ఏ, కోడ్ నంబర్ ఫలానా, ద్వారా హోం లోన్‌కి దరఖాస్తు చేశాను. నేను ఇచ్చిన పాన్, ఆధార్ కాపీల్లో నా పేరు సరిగానే ఉంది. దరఖాస్తులో మీ ఏజెంట్ దాన్ని తప్పుగా రాశారు. దీనివల్ల ఫైలు ఫలానా తేదీన తిరిగొచ్చింది, నా కొనుగోలు అగ్రిమెంట్ గడువు ఫలానా తేదీతో ముగుస్తుంది. దరఖాస్తు కాపీ ఇచ్చి, తప్పు సరిచేసి, మళ్లీ ఫీజు తీసుకోకుండా పరిశీలించగలరు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తెలపగలరు."

చివరి వాక్యం ముఖ్యం. లోన్ ఎంత మొత్తమైనా, తిరస్కరణకు ముఖ్య కారణాలు రాతలో చెప్పాలని 2007లోనే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు చెప్పింది. ఆ కారణం చేతిలో ఉంటేనే తప్పు ఏజెంట్‌దా, మన కాగితాలదా అన్నది తేలుతుంది. ఉత్తరం కాపీ మీద బ్రాంచి సీలు, తేదీ వేయించుకోవాలి, లేదా మెయిల్‌లో పంపాలి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. 2021 నవంబర్ 12న మొదలైన ఇంటిగ్రేటెడ్ అంబుడ్స్‌మన్ స్కీం ప్రకారం ఫిర్యాదుకు ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. నష్టానికి 20 లక్షల వరకు, మానసిక వేదన, వృథా అయిన సమయానికి లక్ష వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. సీఎంఎస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేయవచ్చు, వివరాలకు 14448 నంబర్.

ఇక్కడే చాలామంది ఓడిపోతారు. "నాకు లోన్ ఇవ్వలేదు" అని రాస్తే ఫిర్యాదు కొట్టేస్తారు. లోన్ ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం, అందులో అంబుడ్స్‌మన్ జోక్యం చేసుకోరు. "మీ ఏజెంట్ తప్పు వివరాలు రాశాడు, చెప్పినా 30 రోజులు సరిచేయలేదు, దానివల్ల ఇంత నష్టం" అని రాస్తే అది సేవా లోపం. దాన్ని విచారిస్తారు.

లోన్ ఇచ్చింది బ్యాంకు కాకుండా హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే 2021 స్కీం వర్తించదు. వాటి మీద ఫిర్యాదు నేషనల్ హౌసింగ్ బ్యాంక్ గ్రిడ్స్ పోర్టల్‌లో వేయాలి. చిన్న ఊళ్లలో ఏజెంట్లు ఎక్కువగా ఈ కంపెనీలకే ఫైళ్లు పంపుతారు. కస్టమర్ బ్యాంకు అనుకుంటాడు. మంజూరు లెటర్ మీద పూర్తి పేరు చదివితే తెలుస్తుంది.

వినియోగదారుల కమిషన్ ఇంకో దారి. తూర్పున రాజమహేంద్రవరం, కాకినాడలో, పశ్చిమాన ఏలూరులో జిల్లా కమిషన్లు ఉన్నాయి. మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, తప్పు జరిగిన రెండేళ్లలోపు వేయాలి. అయితే కమిషన్‌లో కేసు నడుస్తుంటే అదే విషయం మీద అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు. కాబట్టి ముందు అంబుడ్స్‌మన్, అక్కడ తేలకపోతే కమిషన్. బ్యాంకు సీలు పడిన ఉత్తరం, తిరస్కరణ లెటర్, ప్రాసెసింగ్ ఫీజు రశీదు, ఏజెంట్‌తో వాట్సాప్ మెసేజ్‌లు, ఇంటి అగ్రిమెంట్ రెండు చోట్లా ఇవ్వాల్సి వస్తాయి. ఒరిజినల్స్ మాత్రం ఎవరికీ ఇవ్వకుండా కాపీలే ఇవ్వాలి.